ముందు ఒక్కటి సరిగ్గా కొలవడం నేర్చుకో

ప్రశ్న: మాది విశాఖపట్నం, జ్ఞానాపురం. బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చేసి పర్యావరణ శాస్త్రవేత్తని కావాలని ఉంది. మా నాన్న లారీ నడుపుతారు. "ఆ చదువుకి ఉద్యోగం ఎక్కడుంది? మావయ్య పరవాడ ఫార్మాలో క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో, పెట్టిస్తానంటున్నాడు, చేరిపో" అంటున్నారు. మా డాబా మీద బట్టలు ఆరేస్తే సాయంత్రానికి నల్లటి దుమ్ము పట్టేస్తుంది. దాని సంగతేంటో తెలుసుకోవాలన్నదే నా కోరికకి మొదలు. కానీ పెద్ద పెద్ద శాస్త్రవేత్తల గురించి చదివితే వాళ్లంతా చిన్నప్పుడే ఈ దారి పట్టినట్టు కనిపిస్తారు. నేను ఫార్మాలో చేరితే ఇక ఆ ఆశ వదులుకున్నట్టేనా?

— ఒక పాఠకురాలు

సమాధానం: వదులుకున్నట్టు కాదమ్మా. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నీ ఉత్తరంలో భయమంతా దాని చుట్టూనే ఉంది. నువ్వు చదివిన జీవిత కథల్లో ఒక లోపం ఉంది. అవి చివరి నుంచి మొదటికి రాస్తారు. అందుకే ప్రతి అడుగూ అటే వేసినట్టు అనిపిస్తుంది. వాళ్లు అసలు ఏం చదివారో, మొదటి ఉద్యోగం ఎక్కడ చేశారో విడిగా చూడు. పర్యావరణం అన్న మాట చాలామంది సర్టిఫికెట్లలో కనిపించదు.

అన్నా మణి గారితో మొదలుపెడతాను, ఆవిడ కథ నీకు అందరికంటే ఎక్కువ పనికొస్తుంది. 1918లో కేరళలోని పీరుమేడులో పుట్టారు. బెంగళూరులో సి.వి. రామన్ దగ్గర వజ్రాలు, కెంపులు వెదజల్లే కాంతి మీద పరిశోధన చేసి, ఒంటరిగా తన పేరు మీద అయిదు పత్రాలు ప్రచురించారు. థీసిస్ కూడా సమర్పించారు. ఎమ్మెస్సీ లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఇవ్వలేదు. భౌతికశాస్త్రమే చదవాలని 1945లో ఇంగ్లండుకి వెళ్లారు, కానీ దొరికిన స్కాలర్‌షిప్ వాతావరణ పరికరాల శిక్షణకి. థర్మామీటర్లు, వర్షమాపకాలు, గాలి వేగం కొలిచే యంత్రాలు అన్నమాట. వద్దని వెనక్కి రాలేదు. అదే నేర్చుకుని 1948లో తిరిగొచ్చి పుణెలో భారత వాతావరణ శాఖలో చేరారు.

అప్పటికి మన దేశంలో ఆ పరికరాలు చాలావరకు బయటినుంచి వచ్చేవి. ఆవిడ బృందం దాదాపు వంద రకాల పరికరాలకి ప్రామాణిక డ్రాయింగులు తయారుచేసి ఇక్కడే చేయించింది. దేశాలన్నీ కలిసి భూమిని కొలిచిన 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం వచ్చేసరికి దేశంలో సూర్యరశ్మిని కొలిచే కేంద్రాల వ్యవస్థను నిలబెట్టారు. ఓజోన్‌ని కొలవడానికి బెలూన్‌తో పైకి పంపే పరికరం మన దేశంలో తయారు కావడంలో ఆవిడ చేతి పని ఉంది. 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైరయ్యాక దేశంలో గాలి శక్తి ఎక్కడెంత ఉందో కొలిచే పని మీద పడ్డారు. సోలార్, పవన విద్యుత్తు గురించి మనం ఇవాళ ఇంత ధీమాగా మాట్లాడుతున్నామంటే దాని కింద ఆవిడ పోగుచేసిన అంకెలున్నాయి. పీహెచ్‌డీ మాత్రం ఎప్పటికీ రాలేదు. వజ్రాల మీద పనిచేసిన మనిషి దేశానికి ఎండనీ గాలినీ కొలిచిపెట్టారు. ఏ దశలోనూ ఆవిడ మారకుండా ఉంచుకున్నది ఒక్కటే, కొలత తప్పకూడదన్న పట్టుదల.

చార్లెస్ డేవిడ్ కీలింగ్ పేరు నువ్వు వినే ఉంటావు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఏటేటా పెరుగుతోందని చూపించే గీతని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆయన డాక్టరేట్ పాలిమర్ కెమిస్ట్రీలో, అంటే ప్లాస్టిక్కుల శాస్త్రంలో. ఆ చదువుకి అమెరికాలో కంపెనీలు పిలిచి ఉద్యోగాలిచ్చే రోజులవి. ఆయనకేమో కొండలూ ఆరుబయలూ ఇష్టం. దేశానికి పడమటి వైపున్న భూగర్భశాస్త్ర విభాగాలకి వరసగా ఉత్తరాలు రాస్తే కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో చోటు దొరికింది. అక్కడ ఆయనకి అప్పగించింది వాతావరణ మార్పు కానే కాదు. నీటిలో కార్బనేట్లు ఎలా ప్రవర్తిస్తాయన్న ఒక రసాయన సమస్య. దానికోసం గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కచ్చితంగా తెలియాలి. అప్పటిదాకా ఉన్న లెక్కలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. తగిన పరికరం కొందామంటే దొరకదు. వాయువు ఒత్తిడిని కొలిచే మానోమీటర్ ఒకటి తనే కట్టుకున్నారు.

ఆ తర్వాత గాలి తీసేసిన అయిదు లీటర్ల గాజు ఫ్లాస్కులు పట్టుకుని అడవుల్లో, సముద్రం ఒడ్డున రాత్రీ పగలూ కొన్ని గంటలకొకసారి నమూనాలు తీసుకున్నారు. అప్పుడొక విచిత్రం తేలింది. రాత్రిపూట అంకెలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా, మధ్యాహ్నం మాత్రం ఎక్కడ కొలిచినా ఇంచుమించు ఒకటే. అంటే గాలి అంతటా కలిసిపోయి ఉన్న అసలు విలువ ఒకటుందన్నమాట! 1958 మార్చిలో హవాయిలోని మౌనా లోవా కొండ మీద, దాదాపు 3,400 మీటర్ల ఎత్తున, ఎడతెగని కొలతలు మొదలయ్యాయి. మొదటి విలువ సుమారు 313 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో 313. ఏటా మే నెలకి పెరుగుతూ, ఉత్తరార్ధగోళంలో చెట్లు చిగిర్చి పీల్చుకున్నాక సెప్టెంబరు, అక్టోబరు నాటికి తగ్గుతూ, మొత్తం మీద మాత్రం ఏటికేడాది పైకే. ఇప్పుడది 420 దాటింది.

ఇందులో అందరూ దాటేసే సంగతి ఒకటుంది. 1964లో డబ్బులు ఆగిపోయి కొన్ని నెలలపాటు కొలతలు నిలిచిపోయాయి. రోజూ ఒకే సంగతిని కొలవడం కూడా శాస్త్రమేనా అని నిధులిచ్చేవాళ్లు అడిగేవారు. 2005లో పోయేదాకా ఆయన ఆ పోరు మానలేదు. ఇప్పుడు కొడుకు రాల్ఫ్ కీలింగ్ ఆ పని చూస్తున్నారు. ఈ రంగంలోకి వస్తే నీకు ఎదురయ్యేది కూడా ఇదే. ఒక ఆవిష్కరణ వెలుగు చూసే రోజు ఏదో ఒకటుంటుంది, మిగతా రోజులన్నీ నోట్‌బుక్కువే. ఆ మిగతా రోజులంటే ఇష్టముందా లేదా అని నిన్ను నువ్వు అడిగి చూసుకో. డిగ్రీ పేరు కంటే ఆ ప్రశ్న ముఖ్యం.

తెలుగు మీడియం అని రాశావు కదా, వీరభద్రన్ రామనాథన్ గారి సంగతి చెబుతాను. పుట్టింది తమిళనాడులో. తమిళ మీడియంలో చదువుతుండగా కుటుంబం బెంగళూరుకి మారింది, ఇంగ్లీషు మీడియం బడిలో పడ్డారు. క్లాసులో పైన ఉండేవాడు అడుక్కి జారిపోయారు. పాఠం అర్థంకాక, తనంతట తనే విషయాన్ని తేల్చుకోవడం అలవాటు చేసుకున్నారట. తర్వాత ఇంజినీరింగ్ చదివి ఉద్యోగానికి వచ్చింది మన సికింద్రాబాదుకే, ఫ్రిజ్‌ల పరిశ్రమలోకి. శీతలీకరణ వాయువు ఎందుకు లీకవుతోందో కనిపెట్టడం అక్కడ ఆయన పని. ఆ వాయువులే క్లోరోఫ్లోరోకార్బన్లు, పొట్టిగా సీఎఫ్‌సీలు. అమెరికా వెళ్లి శుక్రుడు, అంగారకుడి వాతావరణాల మీద పనిచేశాక, 1975లో ఆయన తేల్చింది ఏమిటంటే, ఆ సీఎఫ్‌సీల్లో ఒక్కో అణువు కార్బన్ డయాక్సైడ్ అణువు కంటే దాదాపు పదివేల రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుందని. అంతకు ఏడాది ముందే మారియో మొలీనా, షెర్వుడ్ రోలాండ్ ఇవే వాయువులు ఓజోన్ పొరని తినేస్తాయని చెప్పారు. ఫ్యాక్టరీలో లీకులు వెతికిన ఉద్యోగం పనికిమాలినదని సికింద్రాబాదులో ఎవరికైనా అనిపించి ఉండొచ్చు. ఆయనకి ఆ వాయువులతో పరిచయం అక్కడే అయింది.

ఇప్పుడు మీ మావయ్య చెప్పిన ఫార్మా. క్యూసీ ల్యాబులో నేర్పేది ఏమిటి? హెచ్‌పీఎల్‌సీ, జీసీ లాంటి, మిశ్రమాన్ని విడదీసి కొలిచే పరికరాలు, వాటిని సరిచూసే కాలిబ్రేషన్, స్టాండర్డు (ఎంతుందో ముందే తెలిసిన నమూనా), బ్లాంకు (కొలవాల్సింది ఏమీ లేని నమూనా), ఒకే నమూనాని రెండుసార్లు చేసి పోల్చడం, చేసింది చేసినప్పుడే రాయడం. నీళ్లలో పురుగుమందు ఎంతుందో చూసేవాళ్లకీ, చేపలో పాదరసం ఎంతుందో చూసేవాళ్లకీ కావాల్సిన చేతినేర్పు ఇదే. ఇంకొక మాట. ఫార్మా కంపెనీలకి వ్యర్థజలాలు శుద్ధి చేసే ఈటీపీ ఉంటుంది, దానికో చిన్న ల్యాబు ఉంటుంది. చాలామంది ట్రైనీలు అటు వెళ్లడానికి ఇష్టపడరు, వాసన. కానీ నీటిలోని మలినాలు రసాయనికంగా ఎంత ఆక్సిజన్ తినేస్తాయో చెప్పే సీఓడీ పరీక్ష చెయ్యడానికి ఆ నీటిని డైక్రోమేట్‌తో రెండు గంటలు మరగించి, ఫెరోయిన్ అనే రంగు సూచిక వేసి టైట్రేట్ చేస్తుంటే, ఫ్లాస్కులో నీలిపచ్చ రంగు ఒక్క చుక్కకి ఎర్రటి గోధుమ రంగులోకి తిరుగుతుంది. మీ కాలేజీ ప్రాక్టికల్స్‌లో చూసిన రంగే. ఆ ఒక్క చుక్క దగ్గర చెయ్యి ఆపడం వచ్చిన మనిషి పర్యావరణ శాస్త్రంలో సగం పని నేర్చుకున్నట్టే. సూక్ష్మజీవులు ఆ మలినాల్ని తింటూ ఎంత ఆక్సిజన్ వాడతాయో చూసే బీఓడీ పరీక్షకి మన దేశ ప్రమాణం 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు, పాత పుస్తకాల్లో 20 డిగ్రీల దగ్గర అయిదు రోజులని ఉంటుంది. ఈ తేడా ఎందుకో అక్కడి సీనియర్‌ని అడుగు. వాళ్లు చెప్పే తీరుని బట్టే ఆ ల్యాబ్ ఎలాంటిదో తెలిసిపోతుంది.

మీ డాబా మీది దుమ్ముకొస్తాను. అది ఫలానా వాళ్లదేనని మీ వీధిలో అందరికీ ఇప్పటికే తెలుసు అనుకుంటాను. నువ్వు మాత్రం జవాబు ముందే రాసుకుని కొలతకి దిగకు. ఒక తెల్లటి పింగాణీ పళ్లెం డాబా మీద, అలాంటిదే ఇంకొకటి మూతపెట్టి దాని పక్కన. పొడి కుంచెతో పడ్డదాన్ని కాగితం మీదకి దులిపి, మీ కాలేజీ మైక్రోస్కోపు కింద చూడు. బొగ్గు రేణువులు నల్లగా, విరిగిన పెంకుల్లా మొనలు తేలి మెరుస్తుంటాయి. బొగ్గు మండాక వచ్చే బూడిదలో సన్నటి గుండ్రటి గాజుపూసలు కనిపిస్తాయి, కొలిమి వేడికి కరిగి గాలిలోనే గడ్డకట్టినవి. ఇనుప ఖనిజం ఎర్రమట్టి రంగులో ఉంటుంది, కాగితం మీద రుద్దితే ఎర్ర చార పడుతుంది. అయస్కాంతం పెడితే తెలిసిపోతుందని ఎవరైనా అంటే నమ్మకు. ఆ ఎర్ర ఖనిజమైన హెమటైట్ మామూలు అయస్కాంతానికి సరిగ్గా అంటుకోదు, ఇనుప రజనూ, మాగ్నటైట్ అనే నల్లటి ఇనుప ఖనిజమూ మాత్రం అంటుకుంటాయి. టైర్ల అరుగుదల, సముద్రపు ఉప్పు, పొయ్యి మసి కూడా ఆ పళ్లెంలో ఉండొచ్చు.

గాలి ఎటునుంచి వీస్తోందో రోజూ రెండు పూటలా రాసుకో. పగలు సముద్రం మీంచి, రాత్రి నేల మీంచి గాలి తిరుగుతుందని నీకు తెలుసు. పైగా ఒకవైపు సింహాచలం కొండలు, ఇంకోవైపు యారాడ కొండ ఉండి మధ్యలో ఊరు గిన్నెలా ఉంది. చలికాలం తెల్లవారుజామున పైన వెచ్చటి పొర మూతలా పడితే పొగ కదలదు. అందుకే ఒక్క వేసవి నెలలో చూసి తేల్చెయ్యకూడదు, అన్ని కాలాలూ గడవాలి. అలాగే ఒక జాగ్రత్త. పళ్లెంలో పడేది కింద పేరుకునే దుమ్ము. 2.5 మైక్రాన్లలోపు సన్నటి దుమ్ము, అంటే ఊపిరితిత్తుల్లోకి దిగే పీఎం 2.5, కంటికి కనిపించదు. దానికి మన దేశపు వార్షిక పరిమితి ఘనపు మీటరుకి 40 మైక్రోగ్రాములు, 10 మైక్రాన్ల దాకా ఉండే పీఎం 10కి 60. విశాఖలోని పర్యవేక్షణ కేంద్రం అంకెలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. నీ నోట్‌బుక్కు పక్కన ఆ అంకెలు కూడా పెట్టుకో.

మూతపెట్టిన రెండో పళ్లెం ఎందుకో క్లెయిర్ ప్యాటర్సన్ పని చూస్తే అర్థమవుతుంది. భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్లని 1956లో తేల్చిన రసాయన శాస్త్రవేత్త ఆయన. ఉల్కల్లో సీసం కొలవడం ఆయన పద్ధతి. కొలిచినప్పుడల్లా ఉండాల్సిన దానికంటే సీసం ఎక్కువ వచ్చేది. రాయిలోంచి కాదు, ల్యాబ్ గాలిలోంచి, నీళ్లలోంచి, మనుషుల జుట్టులోంచి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో నీకు వేరే చెప్పక్కర్లేదు. ఆయన తన ల్యాబ్‌ని అంగుళం అంగుళం కడిగి, ఆమ్లాల్ని మళ్లీ మళ్లీ స్వేదనం చేసి, అప్పుడు కొలిచారు. పైనుంచి పడకుండానే నీ కొలతలో చేరిన మురికి ఎంతో నీ మూత పళ్లెం చెబుతుంది. ఆ తర్వాత తనకి తగిలిన ప్రశ్న, ఇంత సీసం లోకంలోకి ఎక్కడినుంచి వస్తోందని. సముద్రంలో పైనీటిలో ఎక్కువ, లోతున తక్కువ. ధ్రువపు మంచులోనూ పై పొరల్లో ఎక్కువ, పాత పొరల్లో తక్కువ. అంటే ఇది ఈమధ్య వచ్చి చేరింది. పెట్రోల్లో కలిపే సీసమే ప్రధాన కారణమని 1965లో గట్టిగా రాశారు. దాంతో వచ్చే నిధులు తగ్గిపోయాయి. 1971లో సీసం మీద వేసిన జాతీయ కమిటీలో ఆయనకి చోటే ఇవ్వలేదు. అయినా అంకెలు నిలబడ్డాయి. అమెరికా రోడ్ల మీద సీసం పెట్రోలు 1996కి పూర్తిగా పోయింది, మన దేశంలో 2000లో. మన పిల్లల రక్తంలోకి అంత సీసం దిగకుండా ఆపినవాళ్లలో భూమి వయసు లెక్కగట్టిన మనిషి ఉన్నారు. నాకు ఈ రంగంలో అందరికంటే గౌరవం ఆయన మీదే. ఆయన మీద వచ్చిన ఒత్తిడికి నోటితో జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది, సీసాలు అంత శుభ్రంగా ఉన్నాయి.

దీనికంతటికీ విశాఖ దూరం కాదు. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి ఇక్కడి విద్యార్థుల్ని నౌకాదళం ఓడల మీద సముద్రంలోకి తీసుకెళ్లారు. నైరుతి రుతుపవనాలకి ముందు నెలల్లో ఈ తీరం వెంబడి పైనీరు పక్కకి జరిగి, కింది చల్లటి నీరు పోషకాలతో పైకి రావడాన్ని వాళ్లు కొలిచి చూపించారు. చేపలకి తిండి పెట్టేది ఆ చల్లటి నీరే. ఇప్పుడు లాసన్స్ బే కాలనీలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, పాండురంగాపురంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) కేంద్రం ఉంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు అక్కడ చేసుకోవచ్చా అని మీ లెక్చరర్ ఉత్తరంతో వెళ్లి అడగడానికి సిగ్గుపడకు. జాలరిపేటకి కూడా వెళ్లు, సముద్రం గురించి అక్కడివాళ్లు చెప్పేది విను. కర్ణాటకలో వెదురు పొదలు చచ్చిపోతుంటే జీవావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ వెళ్లి చూశారు. పొదల అడుగున ముళ్లు నరికేస్తే వెదురు బాగా పెరుగుతుందని అటవీశాఖ అనుకుంది. ఆ ముళ్లే లేత మొలకల్ని పశువుల నోట పడకుండా కాపాడతాయని ఊరివాళ్లు చెప్పారు. హార్వర్డులో గణితంతో జీవావరణం చదువుకుని వచ్చిన ఆయన కొలిచి చూస్తే ఊరివాళ్ల మాటే నిజమైంది.

ఇక చదువు సంగతి సూటిగా చెబుతాను. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ మంచి చదువే. చట్టాలు, జీవావరణం, ప్రాజెక్టుల ప్రభావ అంచనా అన్నీ నేర్పుతారు. కానీ నీకు కెమిస్ట్రీ చేతిలో ఉంది కాబట్టి అనలిటికల్ కెమిస్ట్రీ చేసి, ప్రాజెక్టు మాత్రం గాలి మీదో నీటి మీదో చెయ్యమంటాను. సీఎస్‌ఐఆర్ నెట్‌లో, అంటే పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే పరీక్షలో, కెమికల్ సైన్సెస్ ఉంది, పర్యావరణానికి విడిగా పేపరు లేదు. అది యూజీసీ నెట్‌లో ఉంది. గేట్‌లో కూడా పర్యావరణ పేపరుంది. కెమిస్ట్రీ ఉంటే ఫార్మా తలుపూ, పరిశోధన తలుపూ, కాలుష్య మండలి ల్యాబుల తలుపూ మూడూ తెరిచే ఉంటాయి. మండలి విశ్లేషకుల పోస్టులు ఏటా పడవు, వాటినే నమ్ముకుని కూర్చోవద్దు.

నాన్నగారి భయం న్యాయమైనది. దాన్ని కాదనకు. అమెరికన్ రచయిత్రి, జీవశాస్త్రవేత్త రేచెల్ కార్సన్ కూడా ఇంటి బరువు మీద పడి డాక్టరేట్ మధ్యలో ఆపేసి, చేపల శాఖకి రేడియో ప్రసంగాలు రాసి సంపాదించి, పోటీ పరీక్షలో మొదటి స్థానం తెచ్చుకుని ఉద్యోగంలో చేరారు. డీడీటీ అనే పురుగుమందు మీద ఆవిడ రాసింది అదంతా అయ్యాక, 1962లో.

ఈసారి పీజీసెట్ రాయి. యూనివర్సిటీ క్యాంపస్‌లో సీటొస్తే ఫార్మా రెండేళ్లు ఆగుతుంది, ఎక్కడికీ పోదు. రాకపోతే చేరు, వచ్చే ఏడాది మళ్లీ రాయి. చేరే ముందు మావయ్యని ఒక్కటి కనుక్కోమను, ట్రైనీలని ఏ పరికరం మీద కూర్చోబెడతారు, ఎన్నాళ్లకి కూర్చోబెడతారు అని. ఏడాదంతా రిపోర్టులు టైపు చేయించే పనైతే జీతం కాస్త ఎక్కువైనా వద్దను. ఈటీపీ ల్యాబులో ఖాళీ ఉందంటే, జీతం కాస్త తక్కువైనా అక్కడే అడుగు.